ఆస్ట్రేలియాలో తొలి ఓటు: పట్టభద్రుల ఎమ్మెల్సీ బ్యాలెట్ తెలిసినవాళ్లకు సగం పని అయినట్టే

నల్లగొండ–ఖమ్మం–వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలోనో, మహబూబ్‌నగర్–రంగారెడ్డి–హైదరాబాద్ స్థానంలోనో ఓటేసినవాళ్లకు ఆస్ట్రేలియా పద్ధతి వింతగా అనిపించదు. బటన్ నొక్కేది లేదు, ముద్ర వేసేది లేదు. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేయాలి. 2021లో నల్లగొండ స్థానంలో 71 మంది, పాలమూరు వైపు స్థానంలో 93 మంది పోటీపడ్డారు, లెక్కింపు రోజుల తరబడి సాగింది. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ సగం దాటలేదు. అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ల కట్టల్లోని తర్వాతి ప్రాధాన్యాలను పైవాళ్లకు పంచుకుంటూ పోయారు. టీవీలో ‘ఎలిమినేషన్ రౌండ్’ అని విన్నది ఇదే. ఆస్ట్రేలియాలో దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు 1918లో వచ్చిన పద్ధతీ ఇదే.

కాకపోతే ఆ అలవాటే అక్కడ ఓటును చెడగొడుతుంది కూడా. ఎమ్మెల్సీ బ్యాలెట్ మీద 1 వేసి ఊరుకున్నా ఓటు చెల్లుతుంది. ఆస్ట్రేలియా ప్రతినిధుల సభ బ్యాలెట్ మీద అన్ని గడులూ నింపాల్సిందే. ఎనిమిది మంది ఉంటే 1 నుంచి 8 వరకు. సిడ్నీలో ఉండేవాళ్లకు ఇది ఇంకా తికమక, ఎందుకంటే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఎన్నికల్లో 1 ఒక్కటే వేసినా సరిపోతుంది, దేశ ఎన్నికల్లో సరిపోదు. 2022లో దేశం మొత్తం మీద నూటికి ఐదు ఓట్లకు పైగా చెల్లకుండా పోయాయి. అందులో పశ్చిమ సిడ్నీ వాటా ఎప్పుడూ ఎక్కువే.

పేరు ఎక్కించుకోవడం

ఓటు పౌరులకే. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నా, పన్ను కట్టినా, ఇల్లు కొన్నా పౌరసత్వం లేకుండా ఓటు లేదు. పౌరసత్వ ప్రమాణం అయ్యాక ఆస్ట్రేలియా ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, పౌరసత్వ పత్రం నంబరు, వీటిలో ఏదో ఒకటి చాలు. ఉన్న చిరునామాలో నెల రోజులు గడిచి ఉండాలి. ఎన్నికల ప్రకటన వెలువడ్డాక ఏడో రోజు రాత్రి 8 గంటలకు జాబితా మూసేస్తారు. ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మార్చుకోకపోతే పాత నియోజకవర్గంలోనే పేరు ఉండిపోతుంది. అద్దె ఇళ్లు మారే మన పిల్లలకు ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఓటు వేయడం తప్పనిసరి. 1924లో చట్టం వచ్చింది, 1925 ఎన్నికల్లో మొదటిసారి అమలైంది. అంతకుముందు 60 శాతం కూడా లేని పోలింగ్ ఒక్కసారిగా 91 దాటింది. సరైన కారణం లేకుండా మానేస్తే 20 డాలర్ల జరిమానా. పోలింగ్ రోజున నల్లగొండలో పెళ్లికో పండక్కో వచ్చి ఉంటే విదేశంలో ఉండటం సరైన కారణమే, జరిమానా నోటీసు వస్తే ఆ మాట రాసి పంపితే సరిపోతుంది. ప్రయాణం ముందే తెలిస్తే పోస్టల్ ఓటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా పోలింగుకు ముందు పది పన్నెండు రోజుల్లో తెరిచే ముందస్తు కేంద్రాల్లో వేసి బయల్దేరవచ్చు.

ఇక్కడి ఓటు సంగతి కూడా చూసుకోవాలి. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణానే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఇక్కడ ఓటు ఉండదు. ఊళ్లో జాబితాలో పేరు మిగిలి ఉంటే ఫారం 7 పెట్టి తీయించాలి, ‘ఉండనీయండి, ఎప్పుడైనా వస్తే వేస్తాడు’ అని వదిలేయకూడదు. ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్లది వేరే దారి: ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా నమోదై, పోలింగ్ రోజున సొంత ఊరికి వచ్చి వేయవచ్చు.

పోలింగ్ కేంద్రంలో

పోలింగ్ శనివారమే, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు. కార్డు అడగరు, వేలికి సిరా పెట్టరు. మూడు ప్రశ్నలు వేస్తారు: పేరేంటి, ఎక్కడుంటారు, ఈ ఎన్నికలో ఇంతకుముందు ఓటేశారా. ఇక్కడ ఊదా రంగు స్కెచ్ పెన్ను ఇస్తే అక్కడ పెన్సిల్ ఇస్తారు. సొంత పెన్ను వాడినా అభ్యంతరం లేదు. గేటు దాకా పార్టీల వాళ్లు కరపత్రాలతో వెంటబడతారు. ఇక్కడ వంద మీటర్ల లోపల ప్రచారం కుదరదు, అక్కడ ద్వారానికి ఆరు మీటర్లు వదిలితే చాలు. ఆ కరపత్రం మీద పార్టీ కోరుకునే అంకెల వరుస ఉంటుంది. అది సలహా మాత్రమే. చూసి రాసుకోవచ్చు, పక్కన పడేయవచ్చు. బడి ఆవరణలో సాసేజ్ కాల్చి అమ్మే దుకాణం ఉంటే అది ఎన్నికల ఏర్పాటు కాదు, బడికి నిధుల కోసం పెట్టేది.

రెండు కాగితాలు ఇస్తారు. ఆకుపచ్చది ప్రతినిధుల సభకు. తెల్లది ఎగువ సభ అయిన సెనేట్‌కు, బల్ల మీద పట్టనంత వెడల్పు. ఆకుపచ్చ కాగితం నింపేటప్పుడు పైనుంచి కిందికి అంకెలు వేసుకుంటూ పోతే మధ్యలో తప్పుతుంది. ముందు 1 ఎవరికో వేయండి. వెంటనే అస్సలు గెలవకూడదనుకునేవారి పక్కన చివరి అంకె వేయండి. ఆ తర్వాత ఆ నియోజకవర్గంలో చివరి దాకా మిగిలే ఇద్దరు ఎవరో చూడండి. చాలాచోట్ల వాళ్లు లేబర్ అభ్యర్థి, లిబరల్–నేషనల్ కూటమి అభ్యర్థి. ఆ ఇద్దరిలో ఎవరికి చిన్న అంకె ఇస్తున్నారన్నదే మీ కాగితం మీద అసలు నిర్ణయం. మిగతా గడుల్లో మిగిలిన అంకెలు నింపేయవచ్చు. మీ 1 ఓడిపోయే చిన్న పార్టీకి వెళ్లినా ఓటు వృథా కాదు. చివరికి ఆ ఇద్దరిలో మీరు మెరుగనుకున్నవారి కట్టలోకి పూర్తి విలువతో చేరుతుంది.

వేశాక ఒకసారి లెక్కపెట్టండి. ఒకే అంకె రెండుసార్లు పడినా, మధ్యలో ఒక అంకె ఎగిరిపోయినా ఓటు చెల్లకపోవచ్చు. చివరి గడి ఒక్కటే ఖాళీ ఉంటే దాన్ని చివరి ప్రాధాన్యంగా లెక్కిస్తారు, అంతకుమించి దయ ఉండదు. టిక్కు, ఇంటూ మార్కులు ఆకుపచ్చ కాగితం మీద పనికిరావు. తప్పు పడితే కొట్టివేతలతో సరిచేయకండి, కాగితం వెనక్కిచ్చి కొత్తది అడగండి, ఇస్తారు.

సెనేట్ కాగితం మీద అడ్డంగా గీత ఉంటుంది. గీత పైన పార్టీలకైతే కనీసం 1 నుంచి 6 వరకు, గీత కింద అభ్యర్థులకైతే కనీసం 1 నుంచి 12 వరకు. ఏదో ఒక వైపే నింపాలి. 2016కు ముందు గీత పైన 1 ఒక్కటి వేస్తే మిగతా ప్రాధాన్యాలు పార్టీలే ముందుగా కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం పంచేవి. ఎవరికీ తెలియని పార్టీలు సెనేట్‌లోకి వచ్చేది ఆ దారినే. దాన్ని ఆపడానికే ఈ ఆరు, పన్నెండు.

1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో నామినేషన్లు వరదలా వేసినప్పుడు బరిలో 480 మంది మిగిలారు, బ్యాలెట్ పుస్తకమంత అయింది. అదే ఆస్ట్రేలియా పద్ధతిలో అయితే ఓటరు 1 నుంచి 480 దాకా అంకెలు వేస్తూ సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి.

పార్టీ విధేయతను ఎలా లెక్కించాలి

ఫలితాలు చదివేటప్పుడు మూడు అంకెలు కలగాపులగం అవుతాయి. మొదటి ప్రాధాన్య ఓట్ల శాతం ఒకటి. ప్రాధాన్యాలన్నీ పంచాక రెండు ప్రధాన పక్షాల మధ్య తేలే శాతం రెండోది. సీట్లు మూడోది. 2022లో లేబర్‌కు మొదటి ప్రాధాన్య ఓట్లు 32.6 శాతమే. కూటమికి 35.7. అయినా ప్రాధాన్యాలు పంచాక లేబర్‌కు 52.1 తేలింది, 151లో 77 సీట్లతో ప్రభుత్వం ఏర్పడింది. 2025లో 34.6 శాతంతో 150 సీట్లలో 94 గెలిచింది. ‘మూడో వంతు ఓట్లతో అఖండ విజయమా’ అని ఇక్కడి లెక్కతో ఆశ్చర్యపోయేది అందుకే. ఆ పార్టీని మొదట కోరుకున్నవారు మూడో వంతే, అవతలి పార్టీ కంటే ఇదే నయమనుకున్నవారు సగానికి పైన.

కాబట్టి అక్కడ విధేయత ఎంతుందో చూడాలంటే సీట్లు చూడొద్దు, రెండు పెద్ద పక్షాల మొదటి ప్రాధాన్య ఓట్లను కలిపి చూడండి. 1975లో ఆ మొత్తం దాదాపు 96 శాతం. 2022లో 68 చిల్లర. 2025లో ఇంకాస్త తగ్గింది. తాతల నుంచి ఒకే పార్టీకి వేసే ఇళ్లు కరిగిపోతున్నాయి. ఇది మనకు కొత్త దృశ్యం కాదు. ఎర్రజెండా తప్ప ఇంకోటి ఎరగని ఊళ్లు నల్లగొండలో ఎన్ని చేతులు మారాయో అందరికీ తెలుసు.

చిన్న పార్టీ బలం ఎంతో తేల్చేది దాని ఓట్లు ఎక్కడ పోగయ్యాయి, వాటి రెండో ప్రాధాన్యం ఎటు పోతుంది అన్నవే. 1998లో వన్ నేషన్ పార్టీకి దేశవ్యాప్తంగా 8.4 శాతం ఓట్లొచ్చాయి, దిగువ సభలో ఒక్క సీటూ రాలేదు. దానికి ఎదురు ఉదాహరణ 1955 నాటి లేబర్ చీలిక. విడిపోయినవాళ్లు పెట్టిన పార్టీ సభలో సీట్లు గెలవలేకపోయినా, తన ఓటర్ల రెండో ప్రాధాన్యాన్ని ఏళ్ల తరబడి లిబరల్ వైపు మళ్లించింది. 1949లో అధికారం పోయిన లేబర్ మళ్లీ గెలిచేసరికి 1972 వచ్చింది. సీటు లేకుండానే అన్నేళ్లు గేటు మూసి పట్టుకోవడం అంటే అది.

కూయాంగ్ ఫలితం ఒక్కటి అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. మెల్‌బోర్న్‌లోని ఆ స్థానం ఒకప్పుడు లిబరల్ పార్టీ నిర్మాత మెంజీస్‌ది. 2022లో అక్కడ పోటీ చేసింది అప్పటి ఆర్థిక మంత్రి జోష్ ఫ్రైడెన్‌బర్గ్. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఆయనే ముందున్నారు. కానీ లేబర్, గ్రీన్స్ పార్టీల ఓటర్ల తర్వాతి ప్రాధాన్యాలు స్వతంత్ర అభ్యర్థి మోనిక్ ర్యాన్‌కు వెళ్లాయి, ఆమె గెలిచారు. ఆ ఎన్నికలో కూటమి కంచుకోటలనుకున్న సంపన్న నగర స్థానాలు ఇంకొన్ని ఇలాగే స్వతంత్రుల చేతికి పోయాయి. ఎన్నికల సంఘం లెక్కలో ప్రాధాన్యాలు పంచాక 56 శాతం లోపు గెలిస్తే ఊగిసలాట సీటు, 60 దాటితే భద్రమైన సీటు. ఆ ముద్ర రెండు పెద్ద పక్షాల మధ్య లెక్కతో వేసేది. మూడో మనిషి రంగంలోకి దిగితే ‘భద్రం’ అన్న మాటకు అర్థం ఉండదు.

నాయకుణ్ని దించే తీరు

ప్రధానిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు, ఇది మనకూ తెలిసిందే. తేడా దించే తీరులో. 1978 నుంచి 1983 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌కు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. ఆ మార్పులన్నీ ఢిల్లీలో తేలాయి, ఇక్కడి శాసనసభాపక్షం ఏకవాక్య తీర్మానం చేసింది. ఆస్ట్రేలియాలో అధిష్ఠానం అంటూ వేరే లేదు. పార్టీ ఎంపీల గదిలోనే, రహస్య ఓటుతో, ఒక్క పూటలో పని అయిపోతుంది. మొదట నాయకత్వ పదవి ఖాళీ అయినట్టు తీర్మానం పెడతారు. అది నెగ్గితే వెంటనే పోటీ. గెలిచినవారి చేత మన రాష్ట్రపతి లాంటి గవర్నర్ జనరల్ ప్రమాణం చేయిస్తారు.

ఈ దారిన 2010లో కెవిన్ రడ్‌ను జూలియా గిలార్డ్, 2013లో గిలార్డ్‌ను మళ్లీ రడ్, 2015లో టోనీ అబాట్‌ను మాల్కం టర్న్‌బుల్ దించారు. 2018లో టర్న్‌బుల్ పోయి, పీటర్ డటన్‌పై 45–40 తేడాతో స్కాట్ మోరిసన్ వచ్చారు. వరుసగా 30 సర్వేల్లో వెనకబడ్డారని అబాట్‌ను దించిన టర్న్‌బుల్‌కే 2018 ఏప్రిల్‌లో ఆ 30 ఎదురైంది. తనకు తాను పెట్టుకున్న కొలబద్ద అది.

ఇప్పుడు అలాంటి వార్త వస్తే ముందుగా పార్టీ నిబంధన చూడండి. 2013 తర్వాత లేబర్‌లో పదవిలో ఉన్న ప్రధానిని కదపాలంటే ఎంపీల్లో 75 శాతం సంతకాలు కావాలి. కొత్త నాయకుడి ఎన్నికలో సగం బరువు మామూలు సభ్యులది. ఎన్నిక గెలిపించిన ప్రధానిని దించాలంటే లిబరల్ పార్టీలో 2018 చివర పెట్టుకున్న నిబంధన ప్రకారం మూడింట రెండొంతుల ఎంపీలు కావాలి. ప్రతిపక్ష నేతకు ఈ రక్షణ అంత గట్టిగా లేదు. కాబట్టి ప్రతిపక్ష నేత మీద వచ్చే ఊహాగానాలను ఎక్కువగా, ప్రధాని మీద వచ్చేవాటిని తక్కువగా నమ్మవచ్చు.

ఇంకో తేడా: అక్కడ మన ఫిరాయింపుల చట్టం లాంటిది లేదు. 2024లో ఫాతిమా పేమాన్ లేబర్ నుంచి బయటికొచ్చినా సెనేటర్‌గానే కొనసాగారు. మునుగోడులో 2022లో జరిగినట్టు రాజీనామా, ఉప ఎన్నిక అక్కర్లేదు.

సర్వేలను ఎంతవరకు నమ్మాలంటే, 2019ని గుర్తుపెట్టుకున్నంత వరకు. అన్ని సర్వేలూ లేబర్‌దే గెలుపన్నాయి. కూటమి 51.5 శాతంతో గెలిచింది. సర్వేలకు దొరికినవాళ్లు రాజకీయాల మీద ఎక్కువ ఆసక్తి ఉన్నవాళ్లు కావడం అందుకు ఒక కారణం. అందరూ ఒకే అంకె చెబుతున్నారంటే నిజం అదేనని కాదు.

‘ఆర్థిక వ్యవస్థను బాగా నడిపాం’ అన్న మాటను పరీక్షించడం

శ్రీశైలం నిండి, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు పూజ చేసేది మంత్రిగారు. నీళ్లొచ్చింది మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడ్డ వానల వల్ల. జూరాల దగ్గర నిలబడి చూసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అయితే ఆ నీటిని ఏ కాలువకు ఎప్పుడు వదిలారు, చివరి ఆయకట్టుకు అందిందా అన్నది మాత్రం నిజంగా పాలకుల పనే. ఆస్ట్రేలియా బడ్జెట్‌ను ఇలాగే విడదీయాలి.

అక్కడ వాన అంటే ఇనుప ఖనిజం, బొగ్గు ధరలు, చైనా గిరాకీ. ఖనిజం ధర టన్నుకు 60 అమెరికన్ డాలర్లకు పడిపోతుందని బడ్జెట్‌లో జాగ్రత్తగా లెక్కకడతారు, మార్కెట్లో ధర అంతకంటే పైన నిలిస్తే ఖజానాకు అనుకోని పన్ను వచ్చిపడుతుంది. 2022–23లో 22.1 బిలియన్ డాలర్ల మిగులు వచ్చింది, 15 ఏళ్లలో మొదటిసారి. దాంట్లో ధరల వాటా, 3.5 శాతం దగ్గరున్న నిరుద్యోగం వల్ల పెరిగిన ఆదాయ పన్ను వాటా పెద్దవి. వచ్చిపడిన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చు చేయకుండా ఉంచడం మాత్రం ప్రభుత్వ నిర్ణయం. మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా ఆ భాగానికే.

గేటు ఎవరి చేతిలో ఉందో తర్వాత చూడాలి. వడ్డీ రేటు రిజర్వ్ బ్యాంకుది, మంత్రిది కాదు. ద్రవ్యోల్బణం 2–3 శాతం మధ్య ఉంచడం దాని లక్ష్యం. ఆదాయ పన్ను, మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా, వీసాలు కేంద్రానివి. ఆస్పత్రులు, బడులు, రైళ్లు, ఇల్లు కొన్నప్పుడు కట్టే స్టాంపు డ్యూటీ రాష్ట్రాలవి. 2000 జూలై 1న మొదలైన 10 శాతం జీఎస్‌టీని వసూలు చేసేది కేంద్రం, అందేది మొత్తం రాష్ట్రాలకు. ఆస్పత్రిలో ఆలస్యానికి కోపమొచ్చి దేశ ఎన్నికలో చూపిస్తే తప్పు ఇంటి తలుపు కొట్టినట్టు.

ఇంట్లో అందరికీ తగిలేది ఈఎంఐ. అక్కడ ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం మారే వడ్డీ మీదే ఉంటాయి. 6 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్లు, వడ్డీ 2.5 శాతం అనుకుంటే నెలకు సుమారు 2,370 డాలర్లు. అదే 6.5 శాతమైతే 3,790. నెలకు 1,420 డాలర్ల తేడా. రిజర్వ్ బ్యాంకు రేటు 2022 మే మొదట్లో 0.10 శాతం, 2023 నవంబరుకు 4.35. పార్టీ విధేయత అన్నది ఆ 1,420 దగ్గర ఆగిపోతుంది. వడ్డీల మీద మాటిచ్చే నాయకుణ్ని అందుకే అనుమానించాలి. తాము ఉంటేనే వడ్డీలు తక్కువగా ఉంటాయని చెప్పి లిబరల్ ప్రధాని జాన్ హోవార్డ్ 2004లో గెలిచారు. 2007 ప్రచారం మధ్యలోనే రిజర్వ్ బ్యాంకు రేటును 6.75కు పెంచింది. ప్రభుత్వం పోయింది, బెన్నెలాంగ్‌లో ఆయన సొంత సీటూ పోయింది.

ఫలితం ఎవరి కాలంలో వచ్చిందీ, నిర్ణయం ఎవరి కాలంలో జరిగిందీ వేరువేరుగా రాసుకోండి. డాలరు విలువను మార్కెట్‌కు వదిలింది 1983 డిసెంబరులో హాక్–కీటింగ్‌ల లేబర్ ప్రభుత్వం. 1990ల మొదట్లో గట్టి మాంద్యం వచ్చింది. ఆ తర్వాత 2020 దాకా సాగిన ఎదుగుదలలో పెద్ద భాగం 1996లో వచ్చిన హోవార్డ్ కాలంలో కనిపించింది. 2008 ప్రపంచ సంక్షోభంలో రడ్ ప్రభుత్వం 2009 ఫిబ్రవరిలో 42 బిలియన్ డాలర్ల ప్యాకేజీ ప్రకటించింది. దేశం మాంద్యం తప్పించుకుంది, అప్పు మిగిలింది. రెండూ నిజమే, ప్రచారంలో ఒక్కోపార్టీ ఒక్కటే చెబుతుంది.

హామీల ఖర్చు చూడటానికి రెండు కాగితాలున్నాయి. ఎన్నికల ప్రకటన వెలువడ్డ పది రోజుల్లోగా ఆర్థిక శాఖల కార్యదర్శులు, మంత్రుల ప్రమేయం లేకుండా, ఖజానా స్థితిని ప్రచురించాలని 1998 చట్టం చెబుతోంది. 2012లో ఏర్పడిన పార్లమెంటరీ బడ్జెట్ కార్యాలయం పార్టీల హామీలకు లెక్క కడుతుంది. ఏ పార్టీ అయినా ఆ లెక్కను చివరి రెండు మూడు రోజులకు నెట్టిందంటే చదవాల్సింది దాన్నే. అయితే మరీ ముందుగా, మరీ వివరంగా చెప్పినా ప్రమాదమే: 1993లో లిబరల్ ప్రతిపక్ష నేత జాన్ హ్యూసన్ 15 శాతం జీఎస్‌టీతో పెద్ద ప్రణాళిక పట్టుకుని వచ్చి, కేకు ధర పెరుగుతుందో తగ్గుతుందో టీవీలో సూటిగా చెప్పలేక, గెలుస్తాడనుకున్న ఎన్నిక ఓడిపోయాడు.

నల్లగొండలో కూర్చుని ఫలితం చూడాలంటే

మే నెలలో ఎన్నికైతే సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో పోలింగ్ ముగిసేది మన టైము మధ్యాహ్నం 1:30కు. పెర్త్‌లో 3:30కు. లెక్కింపు అప్పటికప్పుడే మొదలవుతుంది. మొదట వచ్చేవి చిన్న పల్లె కేంద్రాల ఓట్లు, అవి కూటమి వైపు మొగ్గుతాయి. నగరాల్లోని పెద్ద ముందస్తు కేంద్రాలు ఆలస్యంగా తేలతాయి. అందుకే మొత్తం శాతం చూడకుండా, అదే కేంద్రంలో గత ఎన్నికతో పోలిస్తే ఎటు ఎంత ఊగిందో చూడండి. దగ్గరి పోటీ ఉన్న సీట్లలో మాత్రం తొందరపడి ఫోన్లు చేయకండి. పోస్టల్ ఓట్లు పోలింగ్ తర్వాత 13 రోజుల దాకా వస్తూనే ఉంటాయి.